స్వాహిలీ మాటలు – వాటి వాడుక
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి ఉత్సవములలో సాధారణముగా గ్రంథాలయోద్యమమును గూర్చియో, కావ్యములను గూర్చియో పండితులు ఉపన్యసింతురు. నేను పండితుడను గాను. లెక్కలు చెప్పుకొని బ్రతికినవాడను. అయినను కార్యదర్శిగారు, "మాస్టారూ, మీరు ఆఫ్రికాలో పదునాలుగేండ్లుంటిరి. అక్కడివారి భాషను గూర్చి మాకు నాలుగు మాటలు చెప్పవలయును" అని పట్టుబట్టిరి. మొదట సంకోచించితిని గాని, పోయిన యేడు జరిగిన యొక సంగతి జ్ఞప్తికి వచ్చి ఒప్పుకొంటిని. మన ఊరి పిల్లవాడొకడు దారెస్సలాములో ఉద్యోగము దొరికినదని చెప్పుటకు మా యింటికి వచ్చి, "అక్కడ ఇంగ్లీషు సరిపోవునా మాస్టారూ?" అని అడిగెను. "ఆఫీసులో సరిపోవును నాయనా, ఆసుపత్రిలో సరిపోదు" అంటిని. అతడు నవ్వెను. నేను నవ్వలేదు. ఎందులకు నవ్వలేదో కొంత సేపటికి మనవి చేసెదను.

తూర్పు ఆఫ్రికా తీరమున పుట్టిన భాష స్వాహిలీ. అరబ్బీలో తీరములకు 'సవాహిల్' అని పేరు. ఆ మాటనుండి ఈ పేరు వచ్చినది. తీరవాసులు తమ భాషను 'కిస్వాహిలి' అందురు. ముందున్న 'కి' భాషను తెలుపును. ఆ భాష మాట్లాడు మనిషి 'మ్‌స్వాహిలి', పలువురైనచో 'వాస్వాహిలి'. మూలమున నిది బాంటూ కుటుంబపు భాష. అరబ్బీ మాటలు వేలకొలది చేరినవి గాని ఎముకలు మాత్రము ఆఫ్రికావే. నేడు టాంజానియా, కెన్యాలలోనేగాక ఉగాండా, తూర్పు కాంగో ప్రాంతములలోను దీనిని మాట్లాడుదురు. మాట్లాడువారు 20 కోట్లకు పైబడి యుందురని యునెస్కో సంస్థ చెప్పుచున్నది. ఆ సంస్థయే 2021లో తీర్మానించి, జూలై 7వ తేదీని స్వాహిలీ భాషా దినముగా ప్రకటించినది. ఈ కోట్లమందిలో చాలమందికి ఇంటిభాష వేరు. సంతలోను, బడిలోను, కచేరీలోను మాత్రము స్వాహిలీయే.

నేను మొదట పోయినప్పుడు నాచేత నున్నది ఒక చిన్న పుస్తకము. ఎడమవైపున స్వాహిలీ మాట, కుడివైపున ఇంగ్లీషు అర్థము. రాత్రులు కూర్చుండి మన పిల్లలు ఎక్కములు వల్లించినట్లు వల్లించితిని. రెండు నెలలకు పుస్తకమంతయు వచ్చినది, భాష మాత్రము రాలేదు. కారణమేమన, ప్రతి మాటను నేను ఇంగ్లీషు గుమ్మము గుండ లోపలికి తెచ్చుకొనుచుంటిని. తెలుగు గుమ్మము దగ్గరగా నుండగా చుట్టుదారిని పోవుచున్నానని చాల ఆలస్యముగా తెలిసినది.

బియ్యపు సంగతియే చూడుడు. ఇంగ్లీషువానికి పొలములో నున్నను, బస్తాలో నున్నను, కంచములో నున్నను 'రైస్' ఒక్కటే. నా పుస్తకములో మూడు స్వాహిలీ మాటలకు ఎదురుగా ఆ యొక్క మాటయే వ్రాసియుండెను. ఒకనాడు దుకాణమునకు పోయి, వంటకు 'వాలి' కావలెనని అడిగితిని. దుకాణపు ఆమె నన్ను ఎగాదిగా చూచి, ప్రక్కనున్న పూటకూటింటిని వ్రేలితో చూపెను. తరువాత ఇంటి పొరుగు ముసలమ్మ చేతిలో గింజలు పోసి చూపి చెప్పినది: పైపొట్టుతో నున్నది 'మ్పూంగా', దంచినది 'మ్‌చేలే', ఉడికినది 'వాలి'. అనగా వడ్లు, బియ్యము, అన్నము! మన యింటిలో మూడేండ్ల పిల్లకు తెలిసిన భేదము. తెలుగువానికి క్షణములో పట్టుబడవలసిన దానిని ఇంగ్లీషు అర్థము నమ్ముకొని నేను పోగొట్టుకొంటిని.

'కుసోమా' అను మాటయు నట్టిదే. నిఘంటువులో దీనికి 'రీడ్' అనియు 'స్టడీ' అనియు రెండర్థములు వేరువేరుగా నుండును. మనకు రెండెందులకు? చదువు అన్న చాలును. "అబ్బాయి పత్రిక చదువుచున్నాడు", "అబ్బాయి పట్టణములో చదువుచున్నాడు" – రెంటికిని వారును 'అనాసోమా' అనియే యందురు. దీనిలో మొదటి 'అ' వాడు, ఆమె అను నిరువురికిని చెల్లును. వారికి స్త్రీపురుష భేదము క్రియలో లేదు. 'నా' వర్తమానకాలము. 'సోమా' ధాతువు. నేను చదువుచున్నాను అనుటకు 'నినాసోమా', చదివితిని అనుటకు 'నిలిసోమా', చదువుదును అనుటకు 'నిటాసోమా'. మనము ధాతువునకు వెనుక తోకలు తగిలింతుము, వారు ముందు తొండములు తగిలింతురు. పని ఒకటే. ఒక్క పదములో వాక్యమంతయు ఇమిడిపోవు భాషలో పుట్టిన మనకు ఇది వింత గాదు. నాతో కూడ నేర్చుకొన్న ఇంగ్లీషుదేశపు ఉపాధ్యాయుడు మాత్రము ఈ ముక్కలు విడదీయలేక చాల కష్టపడెను.

ఇక నామవాచకములు. అవి తరగతులుగా నుండును. మనిషి 'మ్‌టు', మనుష్యులు 'వాటు'. చెట్టు 'మ్‌టి', చెట్లు 'మీటి'. వస్తువు 'కీటు', వస్తువులు 'వీటు'. బహువచనము మాట తలమీద మారును, చివర గాదు. ఈ గ్రంథాలయమున మీకు వేడుక గొలుపు మాట యొకటి యున్నది. పుస్తకమునకు వారి మాట 'కిటాబు'. మనము తురకమాటగా ఎరిగిన కితాబు ఇదియే, అరబ్బీ పదము. అరబ్బీలో దీని మొదటి అక్షరము ధాతువులోనిది. స్వాహిలీవారు అట్లు చూడలేదు. 'కి'తో మొదలయ్యెను గనుక మన 'కీటు' తరగతిలోనిదే యనుకొని, పుస్తకములను 'విటాబు' అనిరి! అరబ్బీ పండితుడు తల పట్టుకొనవలసినదే. అంతటితో ఆగలేదు. నాలుగు వీధులు కలియుచోట బండ్లు చుట్టి పోవు గుండ్రని దిబ్బపైన తెల్లవారు 'కీప్ లెఫ్ట్' అని పలక నాటిరి. జనులు ఆ దిబ్బకే 'కిపిలెఫ్టి' అని పేరు పెట్టిరి. అట్టివి రెండున్నచో 'విపిలెఫ్టి'. బస్సును, పెన్నును ఉకారము తగిలించి మనవి చేసికొన్న మనము వారిని చూచి నవ్వ దగదు.

ఆ దేశమున నాకు అన్నిటికంటె ఆశ్చర్యము కలిగించినది మరియొకటి. అడుగడుగున ఎరిగిన ముఖములవలె ఎదురగు మాటలు. రేవు 'బండారి'. మచిలీపట్టణమును మన తాతలు బందరు అన్నది ఈ పారసీక పదముతోనే. మొంబాసా రేవు వారికి బండారి, మచిలీపట్టణము మనకు బందరు. ప్రభుత్వము 'సెరికాలి', మన సర్కారు. న్యాయవాది 'వకీలి'. వార్త 'హబారి', మన కబురు. కలము 'కలాము'. మందు 'డావా', తెలంగాణములో దవాఖానా అన్నప్పుడు వినబడు దవా. నోటుపుస్తకము 'డఫ్టారి', మన దఫ్తరము. గోనెసంచి 'గూనియా'. ధ్రువపత్రము 'చేటి', మన చీటీ. బండి 'గారి', భీమా 'బీమా', లక్ష 'లాకి', డబ్బు 'పేసా'. చక్కెర 'సుకారి': సంస్కృత శర్కర పారసీకము మీదుగా అరబ్బీకి పోయి, అరబ్బు ఓడలనెక్కి అక్కడ దిగినది. ఆ మాటయే ప్రాకృతము మీదుగా మనయింట చక్కెర అయినది. అక్కడి తేనీటి దుకాణములో 'సుకారి కిడోగో', అనగా చక్కెర కొంచెము, అని చెప్పునప్పుడెల్ల నాకు ఆ శర్కర చేసిన ప్రయాణము తలపునకు వచ్చెడిది.

ఇవన్నియు ఎట్లు చేరినవి? గాలి తెచ్చినది. శీతకాలమున ఈశాన్యపు గాలి వీచును. దానికి వారి పేరు 'కస్కాజి'. ఆ గాలికి తెరచాపలెత్తి అరబ్బులును, గుజరాతీ కచ్ఛీ వర్తకులును జాంజిబారు, మొంబాసా రేవులకు పోవుచుండిరి. గాలి తిరిగి 'కూసి' అను నైరుతి గాలి వచ్చువరకు అక్కడనే కాచుకొని, దానితో మరలుచుండిరి. కాచుకొనిన ఆ నెలలలో బేరములాడుకొనిరి, వియ్యములందిరి, మాటలిచ్చి పుచ్చుకొనిరి. పిదప 1896 మొదలు 1901 వరకు ఇంగ్లీషువారు మొంబాసానుండి విక్టోరియా సరస్సుదాక రైలుదారి వేసినప్పుడు 30,000 మందికి పైగా భారతీయ కూలీలను కొనిపోయిరి. వారిలో పెక్కుమంది పంజాబీలు. ఆ కూలీల వెనుక దుకాణములు, దుకాణముల వెనుక చపాతీలు, బజ్జీలు పోయినవి. 'చపాటి', 'బజియా' ఈనాడు అక్కడివారి వంటలే. 'డూకా' అనగా దుకాణమని వేరుగా చెప్పనక్కరలేదు గదా. ఇందు మన తెలుగువారి పాలు స్వల్పము. లేని గొప్ప చెప్పుకొనుట నాకిష్టము లేదు.

పోలిక చూచి మోసపోవుటయు కలదు. సింహమును వారు 'సింబా' అందురు. మన సంస్కృతము అంతదూరము పోయినదని నేనును కొన్నాళ్లు సంబరపడితిని. అది శుద్ధమైన బాంటూ మాట. పోలిక కేవలము కాకతాళీయము. 'హకీము' అనగా వారికి న్యాయాధిపతి. జ్వరము వచ్చి హకీముగారు కావలెనంటే న్యాయస్థానమునకు దారి చూపుదురు! మన హకీమును, వారి హకీమును ఒకే అరబ్బీ ధాతువున పుట్టిన రెండు మాటలు. 'హుకూము' మనకు ఆజ్ఞ, వారికి న్యాయస్థానపు తీర్పు. 'కూకు' అనగా కుక్క గాదు, కోడి. ఇంకొకటి: నేను చేరిన మొదటివారమున తరగతిలో నొక చిన్నవానిని ముద్దుగా "బాబూ, ఇటు రా" అని పిలిచితిని. తరగతియంతయు గొల్లుమన్నది. వారి భాషలో 'బాబు' అనగా తాత! ఆ పిల్లవానికి నేను ఆ యూరు విడుచువరకు తాత అను పేరే నిలిచిపోయినది. పాపము, పెండ్లినాటికి కూడ అదే పేరు.

మర్యాద మాటలు ఇంగ్లీషు అర్థములతో అసలు బోధపడవు. చిన్నవాడు పెద్దవారిని చూడగానే 'షికమో' అనవలెను. పెద్దవారు 'మరహాబా' అని బదులు పలుకుదురు. "నీ పాదములు పట్టుకొనుచున్నాను" అను మాటనుండి షికమో వచ్చినదని అక్కడి పెద్దలు చెప్పుదురు. దీనికి ఇంగ్లీషున 'గుడ్ మార్నింగ్' అని వ్రాసికొన్నచో నేమి ప్రయోజనము? మనకు పాదాభివందనమన్న చాలును. వారి భాషలో మీరు అను గౌరవ బహువచనము లేదు. ఒక్కరైనచో ఎంతటివారినైనను 'వేవే', అనగా నీవు, అనియే. ఆ లోటును ఈ వందనములతోను, 'మ్‌జే' అను మాటతోను పూడ్చుకొందురు. 'మ్‌జే' అనగా ముసలివాడని నిఘంటువు చెప్పును. మా పాఠశాలలో నా తల కొంచెము నెరియగానే నన్ను మ్‌జే అన్నప్పుడు నాకు కోపము వచ్చినది. అది పెద్దాయన అన్నట్లు గౌరవముగా అన్నమాట యని తరువాత తెలిసికొని, కోపించినందులకు సిగ్గుపడితిని.

ఒకరి యింటికి పోయినచో తలుపు తట్టరు. వాకిట నిలిచి 'హోడి' అని కేకవేయుదురు. లోపలివారు 'కరీబు' అందురు. ఇంగ్లీషున దీనికి 'వెల్‌కమ్' అని అర్థము చెప్పినను, అసలర్థము 'దగ్గర' అని. దగ్గరకు రండి, లోనికి రండి, కూర్చుండుడు, భోజనము చేయుడు – సమయమునుబట్టి అన్నియు అదే మాట. తినుచున్నవాడు దారిని పోవువానిని చూచి కరీబు అనకుండుట తప్పు. మన పల్లెలలోను అది తప్పే గదా.

'పోలే' అను మాటను గూర్చి వేరుగా చెప్పవలెను. నా పుస్తకమున దానికి 'సారీ' అని యుండెను. ఒకనాడు వానలో జారి పడితిని. దారిని పోవు పదిమందియు "పోలే, పోలే సానా" అనిరి. వీరెందులకు క్షమాపణ చెప్పుచున్నారు, నన్ను వీరు పడద్రోయలేదు గదా అనుకొంటిని. తప్పు చేసినవాడు చెప్పుకొను మాట వేరు, దానికి 'సమహాని' అందురు. పోలే ఇతరుల కష్టమును చూచి అనునది. బరువు మోయువానితో, పనిచేసి అలసినవానితో, దగ్గువానితో, ఇంటిలో మరణము సంభవించినవారితో పోలే అందురు. మనము "అయ్యో" అందుమే, అది.

ఇక మొదట ఆపిన సంగతి. స్వాహిలీవారు గంటలను సూర్యోదయమునుండి లెక్కించెదరు. గంటకు వారి మాట 'సా'. భూమధ్యరేఖకు దగ్గరగుటచే అక్కడ ఏడాది పొడుగున ఇంచుమించు ఆరింటికే ప్రొద్దు పొడుచును. మన గడియారమున ఉదయము ఏడైనచో వారికి 'సా మోజా', ఒంటిగంట. ఎనిమిదైనచో 'సా మ్బీలి', రెండు గంటలు. మధ్యాహ్నము పండ్రెండు 'సా సీటా', ఆరు గంటలు. సాయంకాలము ఆరు దాటిన పిదప రాత్రిలెక్క మరల ఒకటితో మొదలగును. గడియారపు ముల్లు ఏడు మీదనే యుండును, నోరు మాత్రము ఒకటి అనును. పంచాంగము చూచువారికి ఇది క్రొత్త గాదు. సూర్యోదయాది ఇన్ని గడియలని మన పెద్దలు లెక్కించినదియు ఇట్లే.

పోయిన మొదటి సంవత్సరము నేను డొడోమాకు లోపలగా నున్న యొక చిన్న యూరిలో నుంటిని. అచటినుండి దారెస్సలాముకు దినమునకు ఒక్కటే బస్సు. మా అమ్మగారికి ప్రాణము మీదికి వచ్చినదని ఇంటినుండి కబురు వచ్చెను. సాయంకాలము పోయి మరునాటి ప్రయాణమునకు చీటీ కొంటిని. "సా మ్బీలి" అని అతడు చెప్పెను, చీటీపైనను రెండు అనియే వ్రాసెను. అంకెలు నాకు బాగుగా వచ్చును. రెండు గంటలని సంతోషించి, ఉదయమంతయు పెట్టె సర్దుకొని, ఒంటిగంటకు బస్సునొద్దకు పోతిని. బస్సు ఉదయము ఎనిమిదింటికే పోయినది. చీటీ ఇచ్చినవాని తప్పేమియు లేదు. అతని భాషలో అతడు సరిగానే చెప్పెను. ఒక దినము ఆలస్యమగుటచే విమానము తప్పినది. మరియొక దానిలో నేను ఈ యూరు చేరుసరికి ముందునాటి సాయంకాలముననే అంతయు ముగిసినది. తిరిగి పోయిన తరువాత ఆ బస్సు మనిషియే మా యింటి వాకిట నిలిచి హోడి అని పిలిచి, నా చేయి పట్టుకొని, చాల సేపు పోలే అనుచు నిలుచుండెను. ఆ మాటకు అర్థము నేను పుస్తకమున నేర్వలేదు, ఆనాడు నేర్చితిని.

ఆ పిమ్మటనే ఒక డఫ్టారి కొని, ఇంగ్లీషు విడిచి, స్వాహిలీ మాటకు ఎదురుగా తెలుగు వ్రాసికొనుట మొదలిడితిని. మాట విన్న చోటును, అన్న మనిషిని కూడ వ్రాసికొంటిని. ఇట్టి పనికి పెద్దలు మార్గము చూపియేయున్నారు. క్రాఫ్ అను జర్మను మతబోధకుడు 1844లో మొంబాసా చేరి, తాను విన్న స్వాహిలీ మాటలను ఏండ్ల తరబడి కూర్చెను. ఆ నిఘంటువు ఆయన మరణానంతరము 1882లో అచ్చయినది. అది చూచినప్పుడు నాకు మన బ్రౌను దొర జ్ఞప్తికి వచ్చెను. స్వతంత్రము వచ్చిన పిదప టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ నైరేరే తానే షేక్స్‌పియరు నాటకములు రెంటిని స్వాహిలీలోనికి అనువదించెను. 'జూలియస్ సీజర్' 1963లో వెలువడినది, 'మర్చంట్ ఆఫ్ వెనిస్' 1969లో. రాజ్యభారము మోయుచు అనువాదమునకు తీరిక చేసికొన్న ఆ మనిషిని జనులు అధ్యక్షుడనక 'మ్వలీము' అనిరి. మ్వలీము అనగా ఉపాధ్యాయుడు. నేనును ఉపాధ్యాయుడనే గావున ఈ మాట చెప్పునప్పుడు కొంచెము గర్వముండినచో మన్నింపుడు.

బజారులో 'బే గాని?' అనగా వెల యెంత అని. 'గాలి' అనగా ప్రియము, మన వీచు గాలి గాదు. ఆసుపత్రిలో తలనొప్పికి 'కిచ్వా కినాఉమా' అనియు, కడుపునొప్పికి 'టూంబో లినాఉమా' అనియు చెప్పవలెను. తల 'కి' తరగతిది గనుక క్రియకు 'కి', కడుపు వేరు తరగతి గనుక 'లి'. ఈ సంబంధము తప్పినను వైద్యుడు అర్థము చేసికొనును, భయపడనక్కరలేదు. జ్వరము 'హోమా'. త్రాగునీరు 'మాజి యా కున్వా'. వారములు కొంచెము చిక్కు: శనివారము మొదటిదిగా లెక్కింతురు గనుక సోమవారము 'జుమటాటు', మూడవ దినము. బుధవారము అయిదవ దినమను అర్థముతో 'జుమటానో'. దాని మరునాడు గురువారము 'అల్హమీసి'. అది అరబ్బీలో అయిదవ దినమే! వారి వారములో ఇట్లు అయిదవ దినములు రెండున్నవి. ఎవ్వరికిని ఇబ్బంది లేదు.

గ్రంథాలయమునకు వారి పేరు 'మక్టాబా'. ఎరువు తెచ్చుకొనుటకును, ఎరువిచ్చుటకును వారికి 'కుఅజీమా' అని ఒకటే మాట. మన గ్రంథపాలకుని చిట్టా చూచినచో, ఆ రెండిటికి భేదము పాటింపని చందాదారులు ఇచటను కొందరున్నట్లు తోచుచున్నది.

నా డఫ్టారిని తిరిగి వ్రాయించి తెచ్చితిని. మొదటి పుటలో గంటల పట్టిక పెద్ద అక్షరములతో నున్నది: వారి లెక్క ఒకవైపు, మన లెక్క ఒకవైపు. రెండవ పుటలో జబ్బుల మాటలు. తరువాత వంట, బజారు, బడి. చివర నలుబది పుటలు ఖాళీగా విడిచితిని. దారెస్సలాములో నున్న మన పిల్లవాడు సెలవులకు వచ్చినప్పుడు వానిలో వ్రాయుదునని మాట యిచ్చినాడు. దీనిని ఎరువుగా ఇంటికి ఇయ్యక, ఇచ్చటనే చదువుకొనుటకు ఉంచవలసినదిగా కోరుచు అధ్యక్షులవారి చేతికి అందజేయుచున్నాను.